పత్తి కూరిన గోడ

మా ఆయన పడుకునే గదికి పడమటి గోడ మార్చాలని నేను ఎండాకాలంలోనే గట్టిగా అనుకున్నాను. వానలు మొదలయ్యేలోగా పని అయిపోవాలి. వాన వస్తే ఆయన మిద్దె దిగాలి, దిగితే ఆ గదిలోకే రావాలి. ఆ గదిలో ఆయనకు ఊపిరి ఆడదు.

ఆదోనిలో ఎండాకాలం సగం జనం మిద్దెల మీదే పడుకుంటారు కాబట్టి, ఆయన మంచం మొదట పైకి చేరినప్పుడు ఎవరూ వింతగా చూడలేదు. చలికాలంలో కూడా తలకు మఫ్లరు చుట్టుకుని, దుప్పటి మీద గోనెపట్ట కప్పుకుని అక్కడే పడుకుంటుంటే వీధిలో అడగడం మొదలుపెట్టారు.

"ఏం వదినా, అన్నను ఇంట్లోకి రానీయవా?" అని ఎదురింటామె నవ్వేది.

నేను నోరు తెరిచేలోగా ఆయనే పైనుంచి జవాబు చెప్పేవాడు. "రానిస్తాది గానీ, ఆయమ్మ పుస్తకాలకే జాగా సాలదు. ఇంక నాకు యాడ?"

నవ్వు వెనకే దగ్గు వచ్చేది. దగ్గు అయిపోయేదాకా ఎదురింటామె చీపురు పట్టుకుని అలాగే నిలబడేది.

ఆయన చిన్నప్పటి నుంచీ జిన్నింగు మిల్లులో పనిచేసిన మనిషి. పత్తి నుంచి గింజ వేరుచేసే ఆ మిషన్ల దగ్గర గాలే తెల్లగా ఉంటుంది. సాయంత్రం ఇంటికి వస్తే కనురెప్పల మీద కూడా నూగు కనిపించేది. అది ఛాతీలోకీ పోయిందని డాక్టరమ్మ చెప్పాక మిల్లు మానేశాడు. ఇప్పుడు మార్కెట్ యార్డు గేటు దగ్గర వచ్చే పోయే బండ్లను చూసుకునే పని. మందులు క్రమంగా వాడుతున్నాడు. "మందు సగం పని చేస్తుంది, పడుకునే గది సగం చేస్తుంది. దుమ్ము, తేమ, బూజు లేని చోట పడుకోబెట్టమ్మా" అంది డాక్టరమ్మ.

మా గదిలో ఆ మూడూ ఉన్నాయి. పోయిన వానాకాలం ఆయన వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ముందు స్టూలు మీద దిండు పెట్టుకుని, దాని మీద తల వాల్చి నిద్రపోయాడు. నేను పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. నడుము వాల్చలేని మనిషి పక్కన నడుము వాల్చడానికి నాకు సిగ్గుగా ఉండేది. ఇంకో వానాకాలం అలా గడవనివ్వకూడదు అనుకున్నాను.

ఇక గోడ సంగతి. మాది పాత ఇల్లు. రాతి గోడలు, రాళ్ళ మధ్య మట్టి. పడమటి గోడకు మాత్రం లోపలివైపు చెక్క పలకలు కొట్టి ఉన్నాయి. అవి మా మామ కొట్టినవి. ఆయనా మిల్లు మనిషే, బేళ్ళు నొక్కే ప్రెస్సు దగ్గర పనిచేసేవాడు. మిల్లులో ఒక పాత షెడ్డు విప్పినప్పుడు ఆ పలకలు అడిగి తెచ్చుకుని, రాతి గోడకు బెత్తెడు ఎడంగా నిలబెట్టి, ఆ సందు నిండా పత్తి కూరాడు. మిల్లులో ఊడ్చి పారేసే చెత్త పత్తి. మా వీధిలో అప్పట్లో మిల్లు కూలీల ఇళ్ళు చాలావాటిలో ఇదే పద్ధతి. ఇంకో ఊళ్ళో అయితే ఊకో, గడ్డో కూరేవాళ్ళేమో. ఆదోనిలో చేతికందేది పత్తి. పత్తి కూరితే పడమటి ఎండ లోపలికి రాదు, చలి రాదు, తేలు దూరదు అని అందరి నమ్మకం. తండ్రి పైనుంచి పోస్తుంటే మా ఆయన చిన్న కర్రతో ఆ పత్తిని సందులోకి కుదించాడట. పెళ్ళైన కొత్తలో నాకు ఆ గోడను తట్టి చూపించాడు. రాజుల కోట చూపించినట్టు చూపించాడు.

పత్తి పొడిగా ఉన్నన్నాళ్ళు ఆ గోడ మంచిదే అయి ఉంటుంది. ఎప్పుడు తడిసిందో మాకు తెలియదు. నాకు తెలిసింది వాసన. తడిసిన గోనెసంచిని మడత విప్పకుండా నెలల తరబడి ఉంచితే వచ్చే వాసన. ఎంత ఊడ్చినా, సాంబ్రాణి వేసినా అది పోలేదు. పలకల కింది అంచు నల్లబడింది. పలకల మధ్య సందుల్లోంచి బూడిదరంగు దుమ్ము మంచం మీద రాలేది.

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా లైబ్రరీలో చదివాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు గర్వమే. స్కూలు యూనిఫారాలు కుట్టడం నా పని. సాయంత్రం లైబ్రరీ తెరిచే వేళకు మిషను మీద గుడ్డ కప్పి బయలుదేరుతాను. ముందు గదిలో మగవాళ్ళు పేపర్లు పంచుకుని చదువుతుంటారు. నేను వాళ్ళను దాటుకుని వెనక బీరువాల దగ్గరికి పోతాను. నక్షత్రాల గురించి, తేనెటీగల గురించి, పాత రాజ్యాల గురించి అక్కడే తెలుసుకున్నాను. ఒక పుస్తకం అర్థం కాకపోతే రెండోసారి చదువుతాను. అప్పటికీ కాకపోతే అదే విషయం మీద ఇంకా చిన్న పుస్తకం వెతుకుతాను. ఈ పద్ధతి ఎవరూ నేర్పలేదు.

డాక్టరమ్మ మాట విన్న తర్వాత ఊపిరితిత్తుల మీద ఒకటి, ఇల్లు కట్టడం మీద ఒకటి తీశాను. ఇల్లు కట్టే పుస్తకం కోస్తావాళ్ళ కోసం రాసినట్టుంది. సముద్రపు గాలికి ఇనుము ఎలా తుప్పు పడుతుందో పుటలు పుటలు ఉంది. మా ఆదోనికి సముద్రం వచ్చేటప్పుడు చూసుకుందాం అని అవి తిప్పేశాను. కానీ రాతి గోడ గురించి ఒక పుట ఉంది. రాయీ మట్టీ నీళ్ళు తాగుతాయి, గాలి తగిలితే మళ్ళీ వదిలేస్తాయి, గాలి తగలకుండా నీళ్ళు పట్టుకునే వస్తువేదైనా వాటికి ఆనించి పెడితే ఆ తడి ఎక్కడికీ పోదు అని ఉంది. ఆ పుట నిలబడే చదివాను. పుస్తకం మూసేసరికి మా గోడ లోపల ఏం జరుగుతోందో నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

మా పుట్టిల్లు ఎమ్మిగనూరు. అక్కడ ఒక బట్టల షాపులో జిప్సం బోర్డు గోడ చూశాను. నున్నగా, తెల్లగా, దుమ్ము నిలిచే గాడి ఒక్కటి లేకుండా ఉంది. పైన తుడుచుకునే రంగు వేసుకోవచ్చని చెప్పారు. ఆ గోడ వేసినతన్ని పిలిపించాను. షాపులకు ఫాల్స్ సీలింగులు కొట్టే మనిషి, చేతిలో ఎప్పుడూ టేపు ఉంటుంది. గది కొలిచాడు, పలకల మీద రెండుసార్లు కొట్టి చూశాడు.

"ఈ పలకల మీదనే బోర్డు కొట్టేస్తా అక్కా. ఛానళ్ళు గూడా అక్కర్లేదు. రెండు దినాల్లో అయిపోతాది."

నేను అతని స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని పలక అడుగున పొడిచాను. జొన్నరొట్టెలో వేలు దిగినట్టు దిగింది.

"దీనికి స్క్రూ పడుతుందా?" అని అడిగాను.

"పైనుంచి కొడతా. పైన గట్టిగానే ఉండాది."

"మరి ఈ కుళ్ళు?"

"లోపలికి పోతాది గదా అక్కా. బయటికి తెల్లగా కనిపిస్తాది. లోపల ఏముండేది ఎవరు సూస్తారు?"

"మా ఆయన ఊపిరి చూస్తుంది. పలకలు మార్చిన తర్వాత పిలుస్తాను, అప్పుడు రా అన్నా" అని పంపించాను.

అసలు పలకలు ఎందుకు, ఇనుప ఛానళ్ళ మీద బోర్డు వేసుకోవచ్చు గదా అని మా తమ్ముడు ఫోనులో అడిగాడు. వాడు ఎమ్మిగనూరులో వడ్రంగం చేస్తాడు. మగ్గాల చట్రాలు చేసిచేసి చెయ్యి తిరిగినవాడు. వాడికి నా లెక్క చెప్పాను. దగ్గు తెర వచ్చినప్పుడు మీ బావ లేచి కూర్చోవడానికి మంచం పక్కన గోడకు ఒక కొయ్య పిడి కావాలి. మనిషి బరువంతా దాని మీద పడుతుంది. వట్టి జిప్సం బోర్డు ఆ బరువు పట్టదు. వెనక గట్టి పలక ఉండాలి. తమ్ముడు పిడి ఎంత ఎత్తులో కావాలో అడిగి, "సరే అక్కా, పనిముట్లు ఏసుకుని వస్తా" అన్నాడు.

ఇంట్లో మాత్రం సరే అనలేదు.

"యా గోడ ఇప్పుతావు? మా నాయన కొట్టిన గోడనా?" అన్నాడు మా ఆయన. మిద్దె మెట్ల మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటున్నాడు. "ఈదిలో అందరి గోడలు పడిపోయినా అది నిలబడి ఉండాది."

"నిలబడింది. కానీ కుళ్ళింది."

"నీకు లైబ్రరీలో సెప్పినారా?"

"లైబ్రరీలో చెప్పారు, నా ముక్కు చెప్పింది, నీ దగ్గు చెప్పింది. ఇంకెవరు చెప్పాలి?"

ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని పైకి పోయాడు. ఆ రోజు అన్నం పైకి పంపించమన్నాడు. పంపించలేదు. ఆకలేసి దిగివచ్చి తిన్నాడు. గోడ విప్పుతానని ఒకసారి చెప్పాను, అంతే. రెండోసారి అడిగితే అనుమతి అడిగినట్టు అవుతుంది.

తమ్ముడు వచ్చిన రోజు ఆయన యార్డుకు పోయేదాకా ఆగి పని మొదలుపెట్టాం. మొహానికి తడి తువ్వాళ్ళు కట్టుకున్నాం. మొదటి పలకకు తమ్ముడు గడ్డపార మొన ఆనించి నొక్కాడో లేదో, మేకులు నిట్టూర్చినట్టు శబ్దం చేసి ఊడి వచ్చాయి. వెనక పత్తి కనిపించింది. తెల్లగా లేదు. పైన బూడిదరంగు, మధ్యలో గోధుమరంగు, అడుగున నల్లగా ముద్ద కట్టి ఉంది. తమ్ముడు వెనక్కి జరిగాడు.

"అక్కా, ఇది పత్తా? సచ్చిన గొర్రె మాదిరి ఉండాది!"

దుమ్ము లేవకుండా చెంబుతో నీళ్ళు చల్లుతూ, చేటతో తీసి గోనెసంచుల్లో వేశాం. ఎలుక గూళ్ళు వచ్చాయి. చెదలు తిని వదిలేసిన పలక ముక్కలు వచ్చాయి. తేలు దూరదని కూరిన పత్తిలో తేళ్ళ పెంకులు వచ్చాయి. పలకలు ఒక్కటి కూడా పనికివచ్చేలా లేదు. పైకి గట్టిగా ఉన్నవి కూడా వెనక బూజు పట్టి ఉన్నాయి. అన్నీ బయటికి మోశాం. సంచులు ఇంటి ముందు వరసగా పెట్టి, టార్పాలిన్ కప్పాం.

వీధి అంతా వచ్చి చూసింది. మా వీధిలో మిల్లు మానేసినవాళ్ళు, మానకుండా ఉన్నవాళ్ళు చాలామంది. తలా ఒక మాట చెప్పారు. ఆశ్చర్యం ఏమంటే అందరిదీ ఒకటే మాట. పాత పత్తి తీసేసినావు, మంచిది, ఇప్పుడు కొత్త పత్తి కూరు. ఎదురింటామె కూడా అదే అంది. మా ఆయనతో కలిసి పనిచేసిన ఒకాయన అంతటితో ఆగలేదు. సాయంత్రానికి సైకిలు వెనక కట్టుకుని రెండు సంచుల చెత్త పత్తి తెచ్చి మా గడపలో దింపాడు.

"తీసుకోమ్మా. మొన్న ఊడ్చిందే, శుభ్రంగా ఉండాది. నీ మొగునికి సెప్పు, నేనే ఇచ్చినానని."

అప్పుడే మా ఆయన యార్డు నుంచి వచ్చాడు. విప్పిన గోడ వైపు చూడలేదు. కొత్త సంచుల వైపు చూశాడు. మొహం కాస్త విప్పారింది.

"సూసినావా? ఊరంతా ఒక మాట, నీదొక మాట. పలకలు మార్సు, నేనేమన్లేదు. లోపల మాత్రం పత్తి పడాల్సిందే. మా నాయన తెలివి తక్కువోడు గాదు."

"మామ తెలివి తక్కువవాడని నేను అనలేదు. ఆయన కూరినప్పుడు పత్తి పొడిగా ఉంది. ఆ గోడ తడుస్తుందని ఆయనకు తెలియదు."

"ఆ తడి యాన్నుంచి వచ్చె? నీ పుస్తకంలోంచా?"

సైకిలాయన నవ్వాడు. నాకు కోపం వచ్చింది. టార్పాలిన్ ఎత్తి, పాత సంచిలోంచి కొంచెం పత్తి తీసి మా ఆయన ముందు పెట్టాను.

"నువ్వు మిల్లులో ఎన్నేళ్ళు పత్తి చూశావు? నా మాట నమ్మొద్దు. నువ్వే చూసి చెప్పు, ఇది ఏం పత్తో."

ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకోమన్నాను. పెట్టుకోలేదు, కానీ చెయ్యి దూరంగా చాచి చిటికెడు తీసుకున్నాడు. పత్తి చూసేవాళ్ళు అందరూ చేసే పనే చేశాడు. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగాడు. మంచి పత్తి అయితే పోగులు సాగి, వేళ్ళ మధ్య పట్టుదారాల్లా నిలుస్తాయి. ఎంత పొడవు నిలిస్తే అంత మంచి పత్తి. ఇది సాగలేదు. వేళ్ళు విడదీయగానే పొడిపొడిగా రాలిపోయింది. మళ్ళీ ఇంకో చోటు నుంచి తీశాడు. అదీ రాలింది. మూడోసారి సంచి అడుగు నుంచి తీసి లాగి, వేళ్ళకు అంటిన నల్లటి పొడిని చాలాసేపు చూశాడు.

సైకిలాయన నవ్వు ఆపేసి అడిగాడు. "ఏంటప్పా?"

"పోగు ల్యా" అన్నాడు మా ఆయన. "పత్తి గాదప్పా ఇది. మన్ను. మిల్లులో కండ్ల ముందర ఎగిరేదే ఇంట్లో గూడా పెట్టుకున్యాం."

అంతే అన్నాడు. కొళాయి దగ్గరికి పోయి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. వచ్చి సైకిలాయనతో, "ఈ రెండు సంచులు తీస్కపో అన్నా. ఈ గోడలో పత్తి ఉండదు" అన్నాడు. సైకిలాయన మళ్ళీ మోయలేనన్నాడు. ఎదురింటామె ఆ సంచులు తీసుకుని పరుపు కుట్టించుకుంది.

మర్నాటి నుంచి గోడ మా ఇద్దరిదీ అయింది. అందులో కొత్త చిక్కు ఏమంటే, ఆయనకు ప్రతిదానికీ కారణం కావాలి. తడి ఎక్కడి నుంచి వస్తోంది? ఆ ప్రశ్న ఎగతాళికి అడిగాడు గానీ, అదే అసలు ప్రశ్న. తడి దారి తెలియకుండా కొత్త పలకలు కొడితే అవీ కుళ్ళుతాయి. వాన పడితే తెలుస్తుంది. వాన పడేదాకా ఆగితే పని అయ్యేలోగా ఆయన వసారా కుర్చీలో ఉంటాడు.

"అయితే మనమే వాన కురిపిద్దాం" అన్నాను.

మాకు కొళాయి నీళ్ళు రోజూ రావు. వచ్చిన రోజు బిందెలు, డ్రమ్ములు నింపుకుని దాచుకోవాలి. ఆ నీళ్ళు గోడకు పోస్తే వీధివాళ్ళు నన్ను బతకనీయరు. అందుకని ఇంటింటికీ పోయి, బట్టలు ఉతికిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకుండా మా డ్రమ్ములో పోయమని అడిగాను.

"ఏంటికి వదినా, బర్రెను తోలుకొచ్చినావా?"

"గోడకు."

"గోడకు కుడితి పెడతావా! తాగేకి లేక మేం సస్తాంటే ఈమె గోడ దప్పి తీరుస్తాదంట!"

నవ్వారు, తిట్టారు, నీళ్ళు పోశారు. డ్రమ్ములు నిండాయి. తమ్ముడు టార్చి పట్టుకుని గదిలో విప్పిన రాతి గోడ ముందు కూర్చున్నాడు. మా ఆయన మిద్దె మీద నిలబడ్డాడు. నేను మెట్ల మీద బకెట్లు అందించాను. ముందు గోడ బయటివైపు పోశాం, లోపల ఏమీ లేదు. తర్వాత మిద్దె మీద పోశాం. సబ్బు నురగ పడమటి పిట్టగోడ వైపు పారింది. అక్కడ నీళ్ళు బయటికి పోయే గొట్టం ఉంది.

"బామ్మర్దీ, ఏమన్నా కనిపిస్తాందా?" అని పైనుంచి అరిచాడు.

"ఏం ల్యా బావా!"

ఇంకో బకెట్టు. ఇంకోటి. వీధిలో పిల్లలు బుడగలు పట్టుకోవడానికి ఎగురుతున్నారు. అప్పుడు లోపలి నుంచి తమ్ముడి కేక వినిపించింది.

"వచ్చె! వచ్చె! బావా, నురగతో గూడా వస్తాంది!"

పరుగెత్తి పోయి చూశాను. పైకప్పు బండకూ గోడకూ మధ్య నుంచి సన్నని తడి గీత రాళ్ళ మీదుగా కిందికి దిగుతోంది. సబ్బు వాసన వేస్తోంది. గొట్టం గోడ మధ్యలోనే పగిలి ఉంది. మిద్దె మీద పడిన వాననీళ్ళలో సగం బయటికి, సగం మామ కూరిన పత్తిలోకి పోతున్నాయి. మా ఆయన దిగి వచ్చి, ఆ గీత మీద వేలు పెట్టి, వేలు వాసన చూశాడు.

"ఇన్ని దినాలు నేను దీని మీదనే పండుకుంటి" అన్నాడు.

పాత గొట్టం పీకి, గోడకు బయటికి బాగా పొడుచుకు వచ్చేలా కొత్త ప్లాస్టిక్ గొట్టం పెట్టి, చుట్టూ సిమెంటు ఆయనే పూశాడు. మర్నాడు మళ్ళీ నీళ్ళు పోసి చూశాం. లోపల పొడిగా ఉంది. రాతి గోడను గీకి, మట్టి రాలిన చోట్ల పూడ్చి, రెండు పూతలు సున్నం కొట్టి, కిటికీ తలుపు తెరిచి ఆరబెట్టాం. మా ఎండలకు ఏదైనా ఆరుతుంది. ఆ ఒక్క విషయంలో మా ప్రాంతం ఎవరికీ తీసిపోదు.

పలకల కోసం నేనూ తమ్ముడూ ఎమ్మిగనూరు సామిల్లుకు పోయాం. బాగా ఆరిన వేప పలకలు, వాటిని బిగించడానికి సన్నని కర్రలు ఏరుకున్నాం. ఏరడమంటే నేను ఒక్కొక్కటీ ఎత్తి వాసన చూడడం, తమ్ముడు సిగ్గుపడి దూరంగా నిలబడడం. చెదలు పట్టకుండా వేపనూనె పూయాలని చదివాను. ఇంటికి తెచ్చి పూస్తే ఆ ఘాటుకు ఆయనకు దగ్గు తెర వచ్చింది. వెంటనే పలకలన్నీ బయటికి తెప్పించి, వీధి పొడవునా గోడలకు ఆనించి, వాసన తగ్గేదాకా ఎండబెట్టించాను. మళ్ళీ లోపలికి మోసేటప్పుడు మా ఆయన, తమ్ముడు సన్నని కర్రలు భుజాన వేసుకుని నడుస్తుంటే సైకిలాయన ఎదురయ్యాడు.

"ఏమప్పా, దసరా ఇంకా రాలే. అప్పుడే దేవరగట్టు కర్రల కొట్లాటకు బయల్దేరినారా?"

"నా పెండ్లానితో కొట్లాటకు ఇవి గూడా సాలవప్పా" అన్నాడు మా ఆయన. ఆ కర్ర దించి ఊపిరి తీసుకోవడానికి గోడకు ఆనుకున్నాడు. నేను కర్ర తీసుకోబోతే ఇవ్వలేదు.

రాతి గోడకు నిలువుగా కర్రలు బిగించి, వాటి మీద పలకలు కొట్టాడు తమ్ముడు. కింద నేలకూ పైన కప్పుకూ రెండు వేళ్ళ సందు వదిలించాను. ఆ సందులకు సన్నని ఇనుప జాలీ కొట్టించాను. తేలు రాదు, ఎలుక రాదు, గాలి వస్తుంది. మంచం పక్కన పిడి బిగించాక, తమ్ముడు దాన్ని పట్టుకుని రెండు కాళ్ళూ పైకెత్తి వేలాడి చూశాడు. కదల్లేదు.

ఫాల్స్ సీలింగతను బోర్డులు తెచ్చాడు. జాలీ చూసి తల పట్టుకున్నాడు.

"ఇదేంటక్కా? బోర్డు నేల దాకా దించి పట్టీ కొడితే ఎంత అందంగా ఉంటాది! ఈ సందు ఏంటికి?"

"గోడకు గాలి ఆడాలి. బోర్డు కూడా ఆ సందు దాకానే ఆగాలి."

"నేను ఇన్ని షాపులు సేసినా, ఎవురూ ఇట్ల అడగలే. నువ్వేమన్నా ఇంజినీరా?"

గుమ్మంలో కూర్చున్న మా ఆయనే జవాబు చెప్పాడు.

"ఇంజినీరు అయితే నీతో మాట్లాడి ఒప్పుకుంటాడప్పా. ఈమె లైబ్రరీ. ఒప్పుకోదు. ఆమె సెప్పినట్ల కొట్టు."

అతను కొట్టాడు. కోసేటప్పుడు లేచే తెల్లపొడి ఇంట్లోకి రాకుండా బోర్డులన్నీ బయటే కోయించాను. అతుకులు పూసి, ఆరాక రంగు వేసి, మూడు రోజులు తలుపులు తెరిచి ఉంచాం. ఇంకా నాలుగు రోజులు ఉంచుదామనుకున్నాను. వాన ఉంచనివ్వలేదు.

అది మధ్యాహ్నం వచ్చింది. గోనెగండ్ల వైపు ఆకాశం నల్లబడి, ముందు దుమ్ము లేచి, తర్వాత పెద్ద చినుకులు పడ్డాయి. ఆయన ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. మంచం, దుప్పట్లు, మఫ్లరు అన్నీ మోసుకుని మిద్దె దిగాం. మంచం కొత్త గోడ పక్కన వేశాను. ఆయన గది మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు.

"ఆస్పత్రి మాదిరి ఉండాది" అన్నాడు. "నర్సు ఒక్కటే తక్కువ."

పడుకోలేదు. మంచం అంచున కూర్చున్నాడు. నేను మిషను దగ్గర కూర్చుని యూనిఫారం కాలరు పట్టుకున్నాను గానీ కుట్టలేదు. వాన పెద్దదైంది. కొత్త గొట్టంలోంచి నీళ్ళు గోడకు దూరంగా వీధిలో దబదబ పడుతున్నాయి. నేను లేచి పోయి కింద జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూశాను. చల్లటి గాలి తగిలింది, తడి లేదు. వాసన చూశాను. సున్నం వాసన, వేప వాసన.

వెనక నుంచి దగ్గు వినిపించింది. తిరిగి చూస్తే ఆయన చెయ్యి ఊపాడు.

"ఊరికే ఉండు. అది గోడ దగ్గు గాదు. దిగేటప్పుడు దుమ్ము తగిలింది."

కాసేపటికి కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. దిండుకు ఆనుకున్నాడు. మెల్లగా జారి పూర్తిగా పడుకున్నాడు, వెల్లకిలా. ఆయన ఛాతీ పైకీ కిందికీ కదలడం నేను మిషను మీది నుంచి చూస్తూ ఉన్నాను. పిల్లికూత ఉంది. అది పోలేదు, పోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. కానీ లేచి కూర్చోలేదు. వాన సన్నబడేదాకా నిద్రపోయాడు. నేను రెండు కాలర్లు కుట్టాను, రెండూ వంకరగా వచ్చాయి, విప్పి మళ్ళీ కుట్టాను.

లేచాక పిడి పట్టుకుని కూర్చున్నాడు. టీ ఇచ్చాను. గ్లాసు చేతిలో తిప్పుతూ ఎదురుగా ఉన్న వంటింటి గోడ వైపు చూశాడు. దానికి మామ పలకలు కొట్టలేదు, నున్నగా మట్టి మెత్తి ఉంటుంది.

"ఏమే" అన్నాడు. "ఆ గోడలో సామాన్లు పెట్టుకునే గూళ్ళు రెండు ఉండె. మా నాయన మూసేసినాడు."

"దేంతో?"

టీ ఒక గుక్క తాగాడు.

"ఇంక దేంతో మూస్తాడు? మట్టి పైనే. లోపల అంతా పత్తే. పొయ్యి ఆవిరి గూడా తగుల్తాది దానికి. నీ తమ్మునికి ఫోను సెయ్యి, ఎల్లుండి రమ్మను."

తమ్ముడు ఎల్లుండి రాలేనన్నాడు, ఒక మగ్గం పని ఒప్పుకున్నాడట. సరే, గూళ్ళు విప్పడానికి వడ్రంగి ఎందుకు అనుకున్నాను. తువ్వాళ్ళు రెండు నీళ్ళలో నానబెట్టాను. ఒకటి నాకు, ఒకటి సాయం వస్తానన్న ఎదురింటామెకు. ఆయన్ను యార్డుకు పంపించి మొదలుపెట్టాలి.